మూటలు మోసేవాడికి ఆపరేషనా? కుటుంబ నియంత్రణపై అపోహలు - వాస్తవాలు

ఆదోని నుంచి కాన్పుకు వచ్చిన ఒకామెకు రక్తం బాగా తక్కువ. కు.ని. ఆపరేషన్ కొన్నాళ్లు ఆగాలన్నాను. పోనీ ఆయనకు చేయిద్దామా అని అడిగితే, ఆమె కంటే ముందు అత్త అందుకుంది. "మా వానికి వద్దు మేడం. యార్డులో మూటలు మోసేటోడు. నడుం పడిపోతే ఇల్లు ఎట్ల గడిచేది?"

కర్నూలు జిల్లాలో నేను రోజూ వినే అపోహ ఇది. చెప్పేది ఎక్కువగా ఆడవాళ్లే.

మగవాళ్లకు చేసే ఆపరేషన్ పేరు వేసెక్టమీ. అందులో వీర్యకణాలు వచ్చే రెండు సన్నటి నాళాలను కత్తిరించి కడతారు, అంతే. మగ హార్మోన్ ఆ నాళాల్లో పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. కాబట్టి కోరిక, బలం, మీసం ఎక్కడికీ పోవు. వీర్యం కూడా ఎప్పటిలాగే పడుతుంది, అందులో కణాలు మాత్రం ఉండవు. ఇప్పుడు కోత, కుట్టు లేకుండా చిన్న రంధ్రంతో చేస్తున్నారు. అక్కడి మటుకే మత్తు ఇస్తారు, 20 నిమిషాల పని, అదే రోజు ఇంటికి పోవచ్చు. మూటలు ఒక వారం ఎత్తకూడదు. ఆడవాళ్లకైతే చిన్నదైనా పొట్ట మీద కోత పెట్టాల్సిందే.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లైన ఆడవాళ్లలో 70 శాతం దాకా ఆపరేషన్ మీదే ఆధారపడ్డారు. మగవాళ్ల ఆపరేషన్ అర శాతం కూడా లేదు. ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశమంతటా 62 లక్షల మంది మగవాళ్లకు చేశారు, ఎందరికో బలవంతంగా. ఆ భయం ఇంకా పోలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. వేసెక్టమీ ఆ రోజు నుంచే పని చేయదు. మూడు నెలలు నిరోధ్ వాడాలి, తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాలి. ఈ మాట సరిగా చెప్పకపోతే, మధ్యలో గర్భం వచ్చినప్పుడు అనుమానం భార్య మీద పడుతుంది. అలాంటి ఇంటి గొడవలు చూశాను. ఇంకో సంగతి, ఇది శాశ్వతం. పిల్లలు చాలని ఇద్దరూ తేల్చుకున్నాకే రావాలి.

"లూప్ గుండెకు ఎక్కుతుంది." ఎక్కదు. గర్భసంచిలోనే ఉంటుంది. ఎప్పుడైనా జారిపోవచ్చు, అరుదుగా గర్భసంచి గోడకు గుచ్చుకోవచ్చు. మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్ ఎక్కువయ్యేది మాత్రం నిజం. కాపర్-టి 380ఎ అనే లూప్ పదేళ్లు పని చేస్తుంది, తీసేస్తే మళ్లీ గర్భం వస్తుంది.

"పాలిస్తున్నాను, గర్భం రాదు." బిడ్డకు ఆరు నెలలు దాటకూడదు, నెలసరి మొదలవకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలే పట్టాలి. మూడూ ఉంటేనే ఆ నమ్మకం.

"నిరోధ్‌ను నమ్మలేం." ప్రతిసారీ సరిగ్గా వాడే జంటల్లో ఏడాదికి నూటికి ఇద్దరికే గర్భం వస్తుంది. మామూలుగా వాడేవాళ్లలో 13 మందికి. తేడా రబ్బరులో లేదు, "ఈ ఒక్కసారికి" అనుకోవడంలో ఉంది.

ఇక 72 గంటల మాత్ర, అంటే రక్షణ లేకుండా కలిశాక అన్ని గంటల్లోపు వేసుకునేది. అది గర్భం పోగొట్టే మందు కాదు, అండం విడుదలను వాయిదా వేస్తుంది. ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. నెల నెలా వాడేది కాదని చెప్పినా కొందరు మొగుళ్లు మెడికల్ షాపులో అదే అడిగి తెస్తారు. అదే షాపులో నిరోధ్ అడగడానికి మాత్రం నోరు రాదు.