శేషాచలంలో ఏ చెట్టు ఎక్కడ నిలిచింది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న తిరుమల ఘాట్ రోడ్డులో, ఒకే కొండకు ఒక పక్క చెట్లు మోడులై ఉంటే పక్కనే కోన పచ్చగా ఎందుకు ఉందని మీరు అడిగారు. ఆ ప్రశ్న నాకెంతో నచ్చింది. బస్సు హోరులో సరిగా చెప్పలేకపోయాను కనుక నిదానంగా రాస్తున్నాను.

రెండు చోట్లా కురిసేది దాదాపు ఒకే వాన. తేడా అంతా ఆ నీరు నేలలో ఎన్నాళ్లు నిలుస్తుందన్న దానిలోనే ఉంది. ఈ కొండల పైభాగం ఎక్కువగా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. అది అరిగి మట్టి కావడానికి యుగాలు పడుతుంది, అయిన ఆ కాస్త మట్టినీ ఏటవాలు మీద వాన కిందికి ఈడ్చుకుపోతుంది. అందువల్ల వాలు మీద జానెడు మట్టి కూడా లేని చోట్లుంటే, కోనలో అదే మట్టి తరతరాలుగా పేరుకుంటూ వచ్చింది. పైగా రెండు వైపులా కొండ గోడలా నిలవడంతో కోనలో ఎండ కొద్ది గంటలే పడుతుంది, తేమ త్వరగా ఆరిపోదు. దక్షిణానికి తిరిగిన వాలు అలా కాదు. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి దక్షిణంగానే ఉంటాడు కనుక ఆ వాలు ఉత్తరపు వాలు కంటే ముందుగా ఎండిపోతుంది.

అటువంటి ఎండు, రాతి వాలులే ఎర్రచందనానికి ఇల్లు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టు, తూర్పు కనుమల దక్షిణ భాగంలో సుమారు 150 నుంచి 900 మీటర్ల ఎత్తు వరకు కనిపిస్తుంది. దానికి నీళ్లు అక్కర్లేదని కొందరంటారు. ఆ మాట సరికాదు. దాని వేళ్లు నిలవ నీటిని ఓర్చుకోలేవు, దాని మొక్క నీడను భరించలేదు. లోతైన మట్టిలో మిగతా చెట్లు ఏపుగా పెరిగి వెలుతురును కమ్మేస్తాయి. రాళ్ల వాలు మీద నీరు నిలవదు, నీడ పట్టే చెట్లూ తక్కువే. వేసవికి ముందే ఆకు రాల్చి, ఉన్న కొద్దిపాటి తేమతో అది కాలం గడుపుతుంది. మీరు మోడులనుకున్న చెట్లు చాలావరకు బతికే ఉన్నాయి.

గడ్డి పెరిగే పైవాలుల మీద పేరిత అనే చిన్న చెట్టు ఉంటుంది. చూడటానికి ఈతచెట్టులా ఉన్నా దానికి పువ్వులు పూయవు. గడ్డికి నిప్పంటుకుని ఆకులు మాడిపోయినా, లావైన కాండం నుంచి మళ్లీ చిగురిస్తుంది.

కోనలో ఏరుమద్ది, నేరేడు, మామిడి వాగు వెంటే నడుస్తాయి. ఎండాకాలంలో పైనుంచి చూస్తే, నీరు కనబడకపోయినా బూడిదరంగు కొండ మీద ఆకుపచ్చని గీత ఒకటి వాగు దారిని చూపిస్తుంది. సెలవులకు వచ్చినప్పుడు తలకోనకు వెళ్దాం. అక్కడ చెట్టు నుంచి చెట్టుకు పాకిన గిల్లతీగ కాయ, మీలో చిన్నవాడి ఎత్తు ఉంటుందో లేదో కొలిచి చూద్దురుగాని.

ఇట్లు,
మీ తాతయ్య