పెరుగూ, సూర్యుడూ

బిడ్డలూ,

మొన్న ఆదివారం ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకి కొరుక్కుంటూ పెద్దది అడిగిన ప్రశ్నకు నేను నవ్వి ఊరుకున్నాను. జవాబు తోచకే నవ్వాను. పొద్దున మీ అమ్మ "చలికి పెరుగు సెట్ కాలేదు" అంది. సాయంత్రం బుద్ధుడి వెనక పొద్దు గూకుతుంటే మీ నాన్న "సన్‌సెట్ చూడండి" అన్నాడు. "తాతా, పెరుగు సెట్ కావడం, సూర్యుడు సెట్ కావడం ఒకటేనా?"

మా నాయన భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాల ఉండేది. నల్లగొండ దిక్కు మా ఊళ్ళో ఎండలు మీకు తెలియవు. చేన్లో అదే తలపాగా, బావి దగ్గర ఒళ్ళు తుడిచే గుడ్డ. వేపచెట్టు కింద పరిస్తే పక్క, చుడితే దిండు. అంగడి నుంచి వస్తే దాని కొసన మాకు పుట్నాలూ బెల్లం ముక్కా. ఒకసారి కోడెదూడ పలుపు తెంపుకుంటే ఆ పూటకు తువ్వాలే పలుపు. దొర ఎదురైతే భుజం దిగి చంకలో దూరేది. ఆ కథ ఇంకో ఉత్తరంలో చెప్తాను. తువ్వాల అంటే ఏమిటంటే ఏం చెప్పను? అది అప్పుడు ఎక్కడుందో చూసి చెప్పాలి.

సెట్ కూడా అంతే. 1989లో ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పు 20 సంపుటాలుగా వచ్చినప్పుడు, అన్నిటికన్నా ఎక్కువ చోటు తిన్న మాట ఇదే. 430 అర్థాలని లెక్క తేల్చారు. తర్వాత తిరగరాస్తుంటే రన్ అనే మాట 645తో దీన్ని దాటిపోయింది. పరుగు కదా మరి!

నేను బళ్ళో ఉండగా నాకు ఒక్క సెట్టే తెలుసు, టీ కప్పుల సెట్. పరీక్షలో 'సన్ సెట్స్ ఇన్ ద వెస్ట్' అని ఇస్తే 'సూర్యుడు పడమట జతలు జతలుగా ఉండును' అని రాశాను. సారు దాన్ని తరగతిలో చదివి వినిపించాడు. మాటను ఒంటరిగా పట్టుకుని నిలదీయకండి, పక్కన ఎవరున్నారో చూడండి. ఆ బుద్ధి నాకు ఆ రోజు వచ్చింది, చెవులు ఎర్రబడ్డాక.

ఇంతకీ సంగతేమిటంటే, పాత ఇంగ్లీషులో సెట్ అంటే కూర్చోబెట్టడం. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. పొద్దంతా నడిచిన సూర్యుడు చతికిలబడ్డాడు. గిన్నెలో ఊగే పాలు కదలకుండా కూర్చున్నాయి. స్లాబ్ పోసిన మేస్త్రీ "సెట్ కానియ్యండి సార్" అంటే అదీ అంతే. విరిగిన ఎముకను దాని చోట కూర్చోబెట్టినా సెట్టే. హుస్సేన్‌సాగర్‌లో మునిగి రెండేళ్ళకు పైగా నీళ్ళలో ఉన్న బుద్ధుణ్ణి 1992లో పీఠం మీద నిలబెట్టారే, దానికీ ఈ మాటే సరిపోతుంది. నిలబెట్టినా కూర్చోబెట్టినట్టే!

మరి నా టీ కప్పులో? అక్కడ నా తువ్వాల కాస్త చిరుగుతుంది. గుంపు అనే అర్థంలోని సెట్ వేరే ఇంటి పిల్ల. లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది. సెక్ట్, అంటే మతశాఖ, అనే మాటకు తోబుట్టువు. రెండు ఇళ్ళ తువ్వాళ్ళు ఒకే దండెం మీద ఆరేస్తే ఒకటే అనుకున్నాం. రేపు లెక్కల్లో సమితులు వస్తాయి, అవి ఈ రెండో తువ్వాల. సెట్ దోశ కూడా. ఎంసెట్‌లో సెట్ మాత్రం ఎవరి బంధువూ కాదు, అక్షరాలు కూడబెట్టి కుట్టింది.

విచిత్రం చూడండి, ఇంగ్లీషువాడు ఒక్క మాటతో నెట్టుకొచ్చిన చోట మనకు ఎన్ని! పెరుగు తోడుకుంటుంది, పొద్దు గూకుతుంది, ఎముక అతుకుతుంది. అలాగని మనవాళ్ళేం తక్కువ తినలేదు. వాన పడుతుంది, మనం భయపడతాం, చుక్క కనపడుతుంది, ఖాతాలో జీతం పడుతుంది. ఇవన్నీ ఒకే పడటమా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు ఆశ్చర్యమే.

ఈ రాత్రి మీరే తోడు పెట్టండి. పాలు గోరువెచ్చగా ఉండాలి. చలికి తోడులోని సూక్ష్మజీవులు మందగిస్తాయి, అందుకే అమ్మ పెరుగు మొరాయించింది. గిన్నెను బియ్యం డబ్బాలో దాచండి. మధ్యలో కదపొద్దు, మూత తీసి చూడొద్దు. తెల్లారి గిన్నె కొంచెం వంచి చూసి నాకు ఫోన్ కొట్టండి. ఫోన్‌ను కాదు సుమా!

మీ తాత