వీధి పిల్లులు: చంపడం నుంచి ఆపరేషన్ దాకా

వీధి పిల్లులు పెరిగిపోయిన చోటల్లా మనుషులకు ముందుగా తోచిన ఉపాయం వాటిని చంపడమే. ఆ దారిలో పోతే ఎంత శ్రమో దక్షిణాఫ్రికాకు చెందిన మేరియన్ దీవి చూపించింది. ఎలుకల బెడద తగ్గించడానికని 1949లో అక్కడికి 5 పిల్లులను తీసుకెళ్లారు. 1970ల నాటికి అవి వేలల్లోకి చేరి సముద్రపక్షులను తినేస్తున్నాయి. 1977లో వాటి మీదికి ఒక వైరస్‌ను వదిలారు. చాలా చచ్చాయి గానీ అన్నీ చావలేదు. తర్వాత తుపాకులు, బోనులు, విషం. దీవిలో పిల్లి అన్నది లేకుండా పోయేసరికి 1991 వచ్చింది. చుట్టూ సముద్రం, జనం లేని నేల. అక్కడే అంత పట్టింది.

నగరానికి ఆ సముద్రం లేదు. ఒక సందును ఖాళీ చేసినా తిండి, దాక్కునే చోటు అలాగే ఉంటాయి కాబట్టి పక్క సందులోవి వచ్చి చేరతాయి. ఆడపిల్లి ఐదారు నెలలకే ఎదకు వస్తుంది, గర్భం రెండు నెలలే. ఖాళీ నిండడానికి ఎంతోకాలం అక్కర్లేదు.

పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, తెచ్చిన చోటే వదిలే పద్ధతి 1970లలో బ్రిటన్, డెన్మార్క్‌లలో ఊపందుకుంది. 1980లో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక కాలేజీలో ఈ విషయం మీదే సదస్సు జరిగింది. ఆపరేషన్ అయిందని తెలియడానికి చెవి కొన కాస్త కత్తిరిస్తారు. వినడానికి క్రూరంగా ఉంటుంది గానీ మత్తులో ఉండగానే చేస్తారు. ఆ గుర్తు లేకపోతే అదే పిల్లిని మళ్లీ పట్టి మళ్లీ కోసే ప్రమాదం ఉంది. 1991లో ఇటలీ ఏకంగా చట్టమే చేసింది: గుంపుల్లో బతికే వీధి పిల్లులను హింసించకూడదు, ప్రభుత్వ పశువైద్యులు ఆపరేషన్ చేసి తిరిగి వాటి గుంపులోనే వదలాలి.

ఈ పద్ధతి పనిచేస్తుందా అని అడిగితే చాలామంది అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం క్యాంపస్‌ను చూపిస్తారు. 1991లో మొదలైన కార్యక్రమంలో, 1996లో 68 ఉన్న అక్కడి పిల్లులు 2002 నాటికి 23కి తగ్గాయి. అయితే ఆ పదకొండేళ్లలో లెక్కకొచ్చిన మొత్తం 155 పిల్లుల్లో దాదాపు సగాన్ని ఇళ్లలో పెంచుకోవడానికి ఇచ్చారన్న సంగతి అంత తరచుగా వినిపించదు. నా లెక్కలో అసలు పని అక్కడే జరిగింది.

ఆపరేషన్ ఒక్కటే నమ్ముకుంటే లెక్క చాలా కఠినంగా ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని రిషోన్ లెజియోన్ నగరంలో 12 ఏళ్ల పాటు గమనించారు. అక్కడొకటి ఇక్కడొకటి చేసినంతకాలం సంఖ్య తగ్గలేదు. ఆనుకుని ఉన్న ప్రాంతాలన్నిటిలో 70 శాతానికి పైగా పిల్లులకు చేశాకే ఏడాదికి సుమారు 7 శాతం చొప్పున తగ్గుదల కనిపించింది. దాంతోపాటు పుట్టిన పిల్లల్లో బతికేవి పెరిగి, ఆ లాభంలో కొంత కరిగిపోయింది కూడా. ఊరంతటా తలా కొన్నింటికి ఆపరేషన్ చేయించి ఫొటోలు పెట్టుకునే వాళ్లకు ఇది రుచించదు. పక్షి ప్రేమికుల అభ్యంతరమూ తీసిపారేసేది కాదు. అమెరికాలో పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులను చంపుతున్నాయని 2013లో ఒక అంచనా వచ్చింది. ఆపరేషన్ అయిన పిల్లి పిల్లల్ని పెట్టదు గానీ వేట మానదు.

ఖర్చూ టెన్షనూ ఎక్కువగా శస్త్రచికిత్స దగ్గరే కాబట్టి ఇప్పుడు పరిశోధకుల చూపు ఇంజెక్షన్ మీద ఉంది. 2023లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఒక్క డోసు జన్యు చికిత్స ఇచ్చిన 6 ఆడపిల్లుల్లో ఒక్కటీ గర్భం దాల్చలేదు. ఇవ్వని 3 మాత్రం పిల్లల్ని పెట్టాయి. పరీక్షించింది మొత్తం 9 పిల్లుల మీదే. పైగా ఇంజెక్షన్ ఇవ్వాలన్నా ముందు పిల్లిని పట్టుకోవాల్సిందే.