ఓటరు జాబితాలోంచి పేర్లు ఎలా పోతాయి: 1948 నుంచి బిహార్ దాకా

ఎన్నికల సీజన్ వచ్చిందంటే మాటలన్నీ ఎవరు గెలుస్తారు, ఏ పొత్తు నిలుస్తుంది, ఎవరి పథకం పనిచేసింది అన్న చుట్టూనే తిరుగుతాయి. అసలు లెక్కలో ఒక భాగం అంతకుముందే ముగిసిపోతుంది. నామినేషన్ల గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ముగుస్తుంది. ఆ తర్వాత ఆ నియోజకవర్గం జాబితాలో పేరు చేర్చడానికీ తీసేయడానికీ 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 23 ఒప్పుకోదు. రాజ్యాంగం 326వ అధికరణ పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరుడికీ ఓటు ఇచ్చింది, నిజమే. కానీ 1951 చట్టం సెక్షన్ 62 ప్రకారం జాబితాలో పేరు లేనివాళ్లకు పోలింగ్ కేంద్రంలో ఓటు లేదు. చేతిలో ఓటరు కార్డు ఉన్నా అంతే.

ఈ సందర్భంలో ప్రతి ఎన్నికకూ వాట్సాప్‌లో తిరిగే ఒక మెసేజ్ సంగతి చెప్పాలి. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ‘ఛాలెంజ్ ఓటు’ అడగొచ్చనీ, ఒక బూత్‌లో 14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్ పెడతారనీ అందులో ఉంటుంది. రెండూ అబద్ధాలే. ఛాలెంజ్ అంటే ఓటు వేయడానికి వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి పెట్టే అభ్యంతరం. జాబితాలో మన పేరు ఉండి, మన ఓటు ఇంకెవరో వేసేసి పోతే ఇచ్చేది టెండర్ ఓటు. దాన్ని విడిగా కవర్లో పెడతారు, మామూలు లెక్కింపులో కలపరు. పేరే లేనివాడికి ఈ రెండింటిలో ఏదీ పనికిరాదు.

కాబట్టి అడగాల్సింది ఒకటే. జాబితాలో పేరు ఉండేలా చూడటం ఎవరి పని, ప్రభుత్వానిదా, పౌరుడిదా? గణతంత్రం మొదలైన రోజుల్లో దీనికి వచ్చిన జవాబు వేరు, ఇప్పుడు వస్తున్న జవాబు వేరు.

బ్రిటిష్ వాళ్ల 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే ఓటు. జనాభాలో ఏడో వంతు కూడా దాటలేదు. రాజ్యాంగం ఇంకా ముసాయిదాలో ఉండగానే, 1948లో, రాజ్యాంగ సభ సచివాలయం వయోజనులందరి పేర్లతో జాబితాలు తయారు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. ఒకచోట 180 రోజులు నివాసం ఉండాలన్న షరతు పెట్టింది. వెంటనే సమస్య వచ్చింది: విభజనలో సరిహద్దు దాటి వచ్చిన లక్షల మంది శరణార్థులకు ఏ ఊళ్లోనూ 180 రోజుల నివాసం లేదు. పౌరసత్వ చట్టమూ అప్పటికి లేదు. వాళ్లను ఆపాలా, రాసుకోవాలా? ఇక్కడే శాశ్వతంగా ఉంటామని ఒక ప్రకటన ఇస్తే చాలు, పేరు రాసుకోండి అని తేల్చారు. దేశంలో ఎవరు మనవాళ్లో, ఎవరు కాదో అన్న గందరగోళం అత్యంత తీవ్రంగా ఉన్న రోజుల్లో తీసుకున్న నిర్ణయం అది. ఈ కాలంలో ఇది ఊహకు కూడా అందదు.

ఆ పని సాఫీగా జరిగిందని కాదు. 1949 జూన్ 15న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఒక విషయం బయటపెట్టారు. కొన్ని ప్రాంతాల్లో అక్కడి ప్రభుత్వాలు తమ జాతికి, సంస్కృతికి, భాషకు చెందనివాళ్ల పేర్లు జాబితాల్లోకి ఎక్కకుండా చేస్తున్నాయని ముసాయిదా సంఘం దృష్టికి వచ్చిందన్నారు. ఎన్నికల యంత్రాంగాన్ని రాష్ట్రాల చేతుల్లోంచి తీసి దేశం మొత్తానికీ ఒకే స్వతంత్ర సంఘం కింద పెట్టడానికి ఆయన చూపిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. అంటే ఎన్నికల సంఘాన్ని ఏర్పరచిన 324వ అధికరణ పుట్టుకలోనే జాబితా నుంచి మనుషుల్ని తప్పిస్తారన్న భయం ఉంది. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ జాబితాకు దూరం పెట్టకూడదని 325వ అధికరణ విడిగా చెప్పింది.

మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ 1951-52 ఎన్నికలకు 17 కోట్లకు పైగా పేర్లతో జాబితా సిద్ధం చేశారు. అందులో పెద్ద వెలితి ఆడవాళ్లది. ఉత్తరాదిన చాలామంది తమ పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్యను, ఫలానా వాడి తల్లిని అని మాత్రమే రాయించుకున్నారు. సొంత పేరు లేకుండా నమోదు కుదరదని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. దాదాపు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో 28 లక్షల మంది అలా జాబితాకు దూరమయ్యారు. సేన్ మొండితనం తర్వాతి ఎన్నికలకు ఫలితం ఇచ్చిందని చెప్పుకుంటారు. అయినా ఆ 28 లక్షల మందికి మొదటి ఎన్నికలో ఓటు పోయిన మాట పోయినట్టే.

తర్వాతి నలభై ఏళ్లు అస్సాంలో తప్ప జాబితా సంగతి పెద్దగా వార్తల్లోకి రాలేదు. 1990ల మొదట్లో కథ మలుపు తిరిగింది. ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్. శేషన్ హయాంలో 1993 నుంచి ఫొటో గుర్తింపు కార్డులు వచ్చాయి. అవి కావలసినవే. అదే కాలంలో ముంబై, ఢిల్లీలలో కొన్ని పోలీస్ స్టేషన్ల పరిధిలోని బస్తీవాసుల్ని విదేశీయులుగా అనుమానించి, పౌరసత్వం రుజువు చేసుకోమని మూకుమ్మడిగా నోటీసులిచ్చారు. అంతకుముందు ఎన్నోసార్లు ఓటేసినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. 1995 ఫిబ్రవరి 6న లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ప్రక్రియను కొట్టేసింది. జాబితాలో ఇప్పటికే పేరుందంటే అప్పట్లో అధికారి పద్ధతి ప్రకారమే రాశాడని మొదట నమ్మాలి, తీసేయాలంటే ఆధారం ఏమిటో ఆ మనిషికి చూపించి వివరణ వినాలి, పోలీసు నివేదిక ఒక్కటే చాలదు అని చెప్పింది. రెండేళ్లు తిరిగాక, 1997లో, అస్సాంలో పెద్ద సంఖ్యలో పేర్ల పక్కన ‘డి’ అని, అంటే అనుమానాస్పదం అని రాసి, ఓటు నిలిపేశారు.

తెలుగు రాష్ట్రాల్లో గండం సాఫ్ట్‌వేర్ రూపంలో వచ్చింది. 2015 మార్చి 3న ఎన్నికల సంఘం జాబితాల ‘శుద్ధి, ధ్రువీకరణ’ పేరుతో ఓటరు కార్డుకు ఆధార్ కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. తెలంగాణ, ఏపీ ఇందులో ముందు వరసలో పరిగెత్తాయి. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్ వాడకాన్ని పరిమితం చేస్తూ ఉత్తర్వులివ్వడంతో ఆ పని ఆగింది. ఆలోపు కలిసినవి కలిశాయి, కలవనివి అనుమానపు పద్దులో పడ్డాయి.

2018లో దాని పక్కన ఇంకో దెబ్బ పడింది. తెలంగాణ అసెంబ్లీని సెప్టెంబర్ 6న రద్దు చేశారు. 2019 జనవరి 1 అర్హత తేదీతో, అంటే ఆ రోజుకు పద్దెనిమిది నిండినవాళ్లందరితో, జరగాల్సిన సవరణను పక్కనపెట్టి, 2018 జనవరి 1 తేదీతోనే హడావుడిగా మరో సవరణ పెట్టారు. ముసాయిదా సెప్టెంబర్ 10న వచ్చింది, అభ్యంతరాలకు 25 దాకా గడువు. రాష్ట్రమంతా తన పేరు ఉందో లేదో చూసుకోవడానికి పక్షం రోజులు! డిసెంబర్ 7న పోలింగ్ నాడు పేర్లు గల్లంతయ్యాయన్న ఫిర్యాదులు హోరెత్తాయి. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల తన పేరు లేదని ట్వీట్ చేశారు. పేర్లు పోయినందుకు ముఖ్య ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఓటు తిరిగి రాదు కదా.

మరుసటి ఏడాది ఏపీలో ఫారం-7 పేరు మార్మోగింది. ఎవరి పేరైనా తీసేయమని కోరే దరఖాస్తు ఇది. అదే నియోజకవర్గంలో ఓటున్నవాళ్లే పెట్టాలి. 2019 ఏప్రిల్ ఎన్నికల ముందు ఇవి ఆన్‌లైన్లో లక్షల్లో వచ్చి పడ్డాయి. తమ పేరుతో దరఖాస్తు వెళ్లిందన్న సంగతే తెలియనివాళ్లు బయటపడ్డారు. పోలీసు కేసులు నమోదయ్యాయి. దొంగ ఓట్లు మీవంటే మీవని పార్టీలు తిట్టుకున్నాయి.

చట్టంలో పద్ధతి పకడ్బందీగానే ఉంది. ఫారం-7 వచ్చాక దాని వివరాలు నోటీసు బోర్డులో ఏడు రోజులుంచాలి. బీఎల్వో, అంటే బూత్ స్థాయి అధికారి, ఇంటికి వెళ్లి విచారించాలి. అభ్యంతరం పెట్టినవాడికీ, పేరు పోయే మనిషికీ నోటీసివ్వాలి. ఈఆర్వో, అంటే ఓటర్ల నమోదు అధికారి, మన దగ్గర ఎక్కువగా ఆర్డీవో స్థాయివారు, విని నిర్ణయించాలి. అబద్ధపు ప్రకటన ఇస్తే సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు. తప్పు జరిగేది ఈ మెట్ల మధ్య సందుల్లో. బీఎల్వో అంగన్‌వాడీ టీచరో, పంచాయతీ ఉద్యోగో అయి ఉంటారు. సొంత పని అయ్యాక వెళ్లేసరికి తలుపుకు తాళం ఉంటుంది. పక్కింటివాళ్లు ‘ఇక్కడ లేరండీ’ అంటారు. వాళ్లు పనికి వెళ్లారా, బెంగళూరుకు వలస పోయారా అని అడిగే తీరిక ఉండదు. ‘షిఫ్టెడ్’ అని రాస్తారు. నోటీసు అదే తాళానికి అతికిస్తారు, లేదా అదీ చేయరు. విచారణ తేదీకి ఎవరూ రాలేదు కాబట్టి పేరు తొలగింపు.

దీనికి తోడు జంట పేర్లు పట్టే సాఫ్ట్‌వేర్. పేరు, బంధువు పేరు, వయసు ఒకేలా ఉన్న ఎంట్రీలను అది అనుమానంగా చూపిస్తుంది. మన ఊళ్లలో ‘లక్ష్మి, భర్త వెంకటేశ్వర్లు, 45’ అన్న వరస ఒక మండలంలో ఎంతమందికి సరిపోతుందో చెప్పనక్కర్లేదు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పెళ్లయ్యాక తండ్రి పేరు స్థానంలో భర్త పేరు వస్తుంది. ఆడవాళ్లు, పాలమూరు వలస కూలీలు, అద్దె ఇళ్లు మారే హైదరాబాద్ బస్తీ జనం ఈ వలలో ఎక్కువగా పడేది అందుకే.

దొంగ ఓట్లు లేవని వాదించడం లేదు. హైదరాబాద్‌లో ఒకటి, ఏపీలో సొంతూళ్లో ఒకటి పెట్టుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. సెక్షన్ 17 అది కుదరదంటుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో రెండు రాష్ట్రాలకూ మే 13నే పోలింగ్ పెట్టడంతో ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. చనిపోయినవాళ్ల పేర్లు ఏళ్ల తరబడి ఉండిపోవడమూ నిజమే. ఏరివేత కావాలి. గొడవల్లా రుజువు భారం ఎవరి మీద పెడుతున్నారన్న దగ్గరే.

2021లో సవరించిన చట్టం ఆధార్‌ను మళ్లీ తెచ్చింది. ఇవ్వడం స్వచ్ఛందమని చట్టం చెప్పినా, ఫారం-6బీలో ఆధార్ లేదని రాయడానికి వీలుంది తప్ప ఇవ్వనని చెప్పడానికి గడి లేదు. తెలంగాణ కాంగ్రెస్ నేత జి. నిరంజన్ దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఫారాల్లో తగిన మార్పులు చేస్తామని 2023 సెప్టెంబర్‌లో సంఘం కోర్టుకు చెప్పింది. అప్పటికే 66 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు ఎక్కించేశామని కూడా చెప్పింది. అదే చట్టంలో ఒక మంచి మార్పు ఉంది: జనవరి 1తో పాటు ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా అర్హత తేదీలయ్యాయి. పద్దెనిమిది నిండిన కుర్రాళ్లు ఏడాది ఆగే పని తప్పింది.

ఇక బిహార్. 2025 జూన్ 24న సంఘం అక్కడ ప్రత్యేక సమగ్ర సవరణ, అందరి నోళ్లలో ‘సర్’, ప్రకటించింది. అప్పటికి జాబితాలో 7.89 కోట్ల మంది. ప్రతి ఒక్కరూ నెల రోజుల్లో ఫారం నింపి ఇవ్వాలి. 2003 జాబితాలో పేరున్నవాళ్లకు అది చూపితే చాలు. మిగతావాళ్లు 11 రకాల పత్రాల్లో ఒకటి తేవాలి. 1987 జూలై 1 తర్వాత పుట్టినవాళ్లు తల్లిదండ్రుల్లో ఒకరివి, 2004 డిసెంబర్ 2 తర్వాత పుట్టినవాళ్లు ఇద్దరివీ కూడా చూపాలి. పేదల దగ్గర ఉండే ఆధార్, రేషన్ కార్డు ఆ పదకొండులో లేవు. సంఘం స్వయంగా ఇచ్చిన ఓటరు కార్డు కూడా లేదు! 1995 తీర్పును తలకిందులు చేసినట్టయింది. గత లోక్‌సభ ఎన్నికల్లో ఓటేసిన మనిషి కూడా కొత్తగా అర్హత నిరూపించుకోవాలి.

ఆగస్టు 1 ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవాళ్లు 22 లక్షలు, వెళ్లిపోయినవాళ్లు, దొరకనివాళ్లు 36 లక్షలు, రెండుచోట్ల ఉన్నవాళ్లు 7 లక్షలని సంఘం లెక్క. ఎవరి పేరు ఎందుకు పోయిందో మాత్రం మొదట బయటపెట్టలేదు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాకే బూత్‌ల వారీగా, కారణంతో సహా ఆ జాబితా వచ్చింది. సెప్టెంబర్ 8న ఆధార్‌ను పన్నెండో పత్రంగా తీసుకోమని కోర్టు చెప్పింది. పౌరసత్వానికి కాదు, గుర్తింపుకు మాత్రమే. సెప్టెంబర్ 30న తుది జాబితా 7.42 కోట్ల దగ్గర ఆగింది. అక్టోబర్ 27న 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలతో రెండో విడత ప్రకటించారు. ఏపీ, తెలంగాణ అందులో లేవు. పుదుచ్చేరి ఉంది, అంటే యానాం తెలుగువాళ్లు ఉన్నారు.

బిహార్లో పార్టీల బూత్ ఏజెంట్లు లక్షా అరవై వేల మంది. ఆగస్టు 22 నాటికి వాళ్ల తరఫున వచ్చిన అభ్యంతరాలు రెండే అని విని కోర్టు ఆశ్చర్యపోయింది. ఏజెంట్లు ఇచ్చే ఫారాలు తీసుకోవడం లేదని ప్రతిపక్షాలు వాదించాయి. అది కొంత నిజమే అయినా, వీధుల్లో ‘ఓటు హక్కు’ యాత్రలు చేసిన పార్టీలు బూత్‌లో కూర్చునే మనిషికి ఫారాల పని నేర్పలేదన్నది దాచలేని సంగతి. మన ప్రగతిశీల పార్టీలకూ ఈ మాట వర్తిస్తుంది.

ఆ పనిలో మొదటిది ముసాయిదా చూడటం. కార్డు ఉందని ఊరుకోకుండా భాగం నంబరు, వరస సంఖ్య దొరుకుతున్నాయో లేదో చూడాలి. 1950 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. పేరు పోతే ఫారం-6, ఇల్లు మారితే ఫారం-8. ఏడు రోజుల నోటీసు గడువుంటుంది కాబట్టి నామినేషన్ల ఆఖరి తేదీకి కనీసం పది రోజుల ముందే దరఖాస్తు పడాలి, రసీదు నంబరు దగ్గరుండాలి. ఈఆర్వో కాదంటే సెక్షన్ 24 కింద పదిహేను రోజుల్లో కలెక్టరుకు అప్పీలు, అక్కడా కాదంటే ముప్పై రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. విధిలో తప్పు చేసిన అధికారికి సెక్షన్ 32 కింద మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు ఉంది. అయితే ఎన్నికల సంఘమో, ముఖ్య ఎన్నికల అధికారో అనుమతిస్తేనే కోర్టు ఆ ఫిర్యాదును తీసుకుంటుంది.