చిన్న స్పోర్ట్స్ బైక్ కొంటున్నారా? షోరూమ్‌లో వినిపించే అపోహలు, షెడ్డులో తెలిసే వాస్తవాలు

మా షెడ్డుకి వచ్చే కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. "అన్నా, ఆర్15 తీసుకోనా, పల్సర్ ఆర్ఎస్200 తీసుకోనా, కేటీఎం తీసుకోనా?" నేను తిరిగి అడిగేదీ ఒక్కటే. "మీ ఇంటికి దగ్గర్లో వీటిలో ఏ కంపెనీ వర్క్‌షాప్ ఉంది? అక్కడ మెకానిక్ ఎలాంటివాడు?" దాంతో మొహం మాడ్చుకుంటారు. వాళ్లు టాప్ స్పీడు గురించి మాట్లాడదామని వస్తే నేను సర్వీసింగ్ సంగతి ఎత్తానని.

ఎనిమిదేళ్లు ఒక షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా చేశాను. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో సొంత షెడ్డు. అంటే కౌంటర్‌కి లోపలా నిలబడ్డాను, బయటా నిలబడ్డాను. అక్కడ రోజూ విన్న మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: సీసీ ఎంత ఎక్కువైతే బండి అంత గొప్ప

ఒకే 155 సీసీలో రెండు బళ్లు చూద్దాం. యమహా ఆర్15 వి4 దగ్గర దగ్గర 18.4 పీఎస్ పవర్ ఇస్తుంది. సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ ఇచ్చేది 13.6. సీసీ అంతే, మరి ఇంత తేడా ఎందుకు? ఆర్15ది లిక్విడ్ కూలింగ్, నాలుగు వాల్వులు. పైగా 7,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటాక వాల్వులు తెరిచే క్యామ్‌ని మార్చుకునే వీవీఏ అనే ఏర్పాటు ఉంది. జిక్సర్‌ది గాలికి చల్లబడే రెండు వాల్వుల ఇంజిన్.

అయితే జిక్సర్ పనికిరాదా? అక్కడే ఉంది తిరకాసు. ఆర్15 టార్క్, అంటే బండిని లాగే బలం, 14.2 ఎన్ఎం, అది పూర్తిగా అందేది 7,500 ఆర్‌పీఎం దగ్గర. జిక్సర్ టార్క్ 13.8 ఎన్ఎం, కానీ 6,000కే వచ్చేస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి ట్రాఫిక్‌లో ఈదేవాడికి ఈ రెండోదే హాయి. గేరు మాటిమాటికీ దించక్కర్లేదు. ఆదివారం తెల్లవారుజామున హైవే ఎక్కేవాడికి మొదటిదే మజా. మీరు వారంలో ఆరు రోజులు ఏ రోడ్డు మీద ఉంటారో చూసుకోండి, ఏడో రోజు సంగతి తర్వాత.

సీసీతో ఇంకో లెక్క ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో 75 నుంచి 150 సీసీ దాకా ఐదేళ్లకి రూ. 3,851. 150 దాటితే 350 దాకా రూ. 7,365. జీఎస్‌టీ అదనం. అంటే 155 సీసీ బండి ఆ ఐదు సీసీల కోసం పై శ్లాబులో పడుతుంది. అలాగే 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటితే 40 శాతం. కేటీఎం ఆర్‌సీ 390 ఇంజిన్ 373 సీసీ. "కొంచెం పెట్టి పెద్దది తీసుకుందాం నాన్నా" అనేవాళ్లు ఆ గీత ఎక్కడుందో చూసుకుని అడగడం మంచిది.

అపోహ: సీటు ఎత్తు కాగితం మీద చూస్తే చాలు

చాలదు. ఆర్15 సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు, ఆర్ఎస్200ది 810. ఐదు మిల్లీమీటర్ల తేడాకి ఏమవుతుంది? సీటు ముందుభాగం ఎంత సన్నంగా ఉందన్న దాన్ని బట్టి కాలు నేలకి ఆనుతుంది, ఎత్తు ఒక్కటే చూస్తే తెలియదు. రోజూ వేసుకునే చెప్పులతోనో బూట్లతోనో కూర్చుని చూడండి. తర్వాత ఇంజిన్ ఆపి బండిని కాళ్లతో వెనక్కి నెట్టండి. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో రోజూ చేయాల్సిన పని అదే. క్లిప్-ఆన్ హ్యాండిల్ (రెండు పొట్టి ముక్కలుగా విడివిడిగా బిగించేది) ఉన్న బళ్లు పూర్తిగా తిరగవు, రెండు స్తంభాల మధ్య మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరపాలి. నా దగ్గరకొచ్చే విరిగిన క్లచ్ లివర్లలో చాలా వరకు సెల్లార్‌లో పడ్డవే, రేసులో పడ్డవి కావు.

టెస్ట్ రైడ్ అంటే సేల్స్ కుర్రాడు వెనక కూర్చుంటే రోడ్డు చివరిదాకా వెళ్లి రావడం కాదు. ఇంట్లో ఎవరు వెనక కూర్చుంటారో వాళ్లని తీసుకెళ్లండి. అమ్మని ఆ ఎత్తయిన వెనక సీటు మీదకి ఒకసారి ఎక్కించి, దించండి. మోడల్ ఎంపిక అక్కడికక్కడే తేలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

వెనక చక్రం దగ్గరి చీర గార్డు గురించి ఒక మాట. లుక్కు పోతుందని డెలివరీ రోజే పీకించేస్తారు. వెనక చక్రాన్ని సగం కప్పే రక్షణ, పట్టుకోవడానికి హ్యాండ్‌గ్రిప్, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 చెబుతోంది. చున్నీ చైన్‌లో ఇరుక్కున్న బండిని ఒక్కసారి విప్పిన మెకానిక్ ఎవడూ దాన్ని పీకడానికి ఒప్పుకోడు.

అపోహ: షోరూమ్ ఎంత పెద్దదైతే డీలర్ అంత మంచివాడు

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే డబ్బు పోయేదీ మనసు విరిగేదీ ఇక్కడే.

షోరూమ్‌తో మీకు పని ఒక్కరోజు. వెనక ఉన్న వర్క్‌షాప్‌తో ఐదారేళ్లు. అయినా జనం అద్దాలు, ఏసీ, చేతికిచ్చే కూల్‌డ్రింక్ చూసి డీలర్‌ని ఎంచుకుంటారు. నేను చెప్పే పద్ధతి వేరు. బేరానికి వెళ్లే ముందు ఒక శనివారం మధ్యాహ్నం అదే డీలర్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ఓ గంట ఊరికే కూర్చోండి. బయట బండి కోసం ఎదురుచూసేవాళ్లని పలకరించండి. "ఎన్నోసారి వచ్చారు? చెప్పిన టైముకి ఇచ్చారా? చెప్పిన బిల్లే అయ్యిందా?" అని అడిగితే పది నిమిషాల్లో తత్వం బోధపడుతుంది. మూల దుమ్ముపట్టి నిలబడ్డ బళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అవి పార్టుల కోసం ఎదురుచూస్తున్నవి.

తర్వాత స్పేర్ల కౌంటర్‌కి వెళ్లి, మీరు కొనబోయే మోడల్‌కి మూడు వస్తువులు అడగండి. ముందు బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ లివర్, ఎడమవైపు ఫెయిరింగ్ ప్యానెల్ (బండి పక్కనుండే ప్లాస్టిక్ తొడుగు). ధర ఎంత, ఇప్పుడు ఉందా, లేకపోతే ఎన్ని రోజులు? ప్యాడ్లు, లివర్ కూడా లేవంటే ఆ డీలర్‌కి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఫెయిరింగ్ రంగుని బట్టి ఆర్డర్ పెట్టాలంటారు, అది మామూలే. ఎన్ని రోజులన్నదే ప్రశ్న. నూజివీడు కుర్రాడొకడు కొత్త బండి డూమ్ (ముందువైపు ప్లాస్టిక్ తొడుగు) పగిలితే నలభై రోజులు పైగా తిరిగాడు. ఏ కంపెనీ అని చెప్పను. బండి మంచిదే, ఇంజిన్‌కి వంక పెట్టలేం. కానీ ఆ నలభై రోజులూ ఈఎంఐ మాత్రం ఠంచనుగా కట్ అయ్యింది.

జాబ్ కార్డ్ రాసే తీరు కూడా చూడండి. మంచి అడ్వైజర్ మీ ఫిర్యాదుని మీ మాటల్లోనే రాస్తాడు. "మూడో గేర్‌లో 5,000 దగ్గర చప్పుడు" అని. చెత్త అడ్వైజర్ "జనరల్ చెకప్" అని రాసి సంతకం పెట్టమంటాడు. రాయని ఫిర్యాదు వారంటీలో నిలబడదు. ఎనిమిదేళ్లు ఆ కార్డులు రాసినవాణ్ని, నా మాట నమ్మండి.

కొన్నచోటే సర్వీస్ చేయించాలన్నది కూడా అపోహే. వారంటీ ఇచ్చేది కంపెనీ. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్లలో దేనిలోనైనా చేయించుకోవచ్చు. కాబట్టి గుంటూరులో నాలుగు వేలు తక్కువకి దొరికితే కొనండి, ఇంటి దగ్గర మంచి వర్క్‌షాప్ ఉంటే సర్వీస్ ఇక్కడ చేయించుకోండి. ఇంటి దగ్గర ఏదీ లేకపోతే మాత్రం ఆ నాలుగు వేలు మొదటి ఏడాది పెట్రోలుకే సరి. ఇక "ఫ్రీ సర్వీస్" అంటే కూలీ ఫ్రీ. ఆయిల్, ఫిల్టర్ డబ్బులు మీవే.

అపోహ: ఆన్ రోడ్ ధర అంటే ఒకటే అంకె, అందులో బేరం లేదు

ఎక్స్ షోరూమ్ ధరలో (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలవని బండి ధర), లైఫ్ ట్యాక్స్‌లో బేరం లేదు. మిగతా అంతా విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. "హ్యాండ్లింగ్ చార్జీలు" అని కనబడితే అదేమిటో అడగండి. ఫ్యాక్టరీ నుంచి షోరూమ్‌కి బండి తెచ్చిన ఖర్చు ధరలోనే ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి తయారైన బళ్లకి హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్ బండితోనే రావాలి. కొన్నప్పుడు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలని నిబంధన 138 చెబుతోంది. దీనికి విడిగా బిల్లు వేస్తే నోరు తెరిచి అడగండి. మొహమాటపడితే ఆ మొహమాటం ఖరీదు రెండు మూడు వేలు. వినకపోతే 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలాసార్లు ఆ నంబరు పేరెత్తితేనే చార్జీ మాయమవుతుంది.

ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూలు కూడా లేదు. బయట కొటేషన్ ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి, డీలర్ రేటు దానంతటదే కిందికి దిగుతుంది.

అపోహ: ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే అంతా కంపెనీయే ఇస్తుంది

స్పోర్ట్స్ బైక్ అంటే సగం ప్లాస్టిక్. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాల మీద 50 శాతం తరుగు తీసేస్తారు, బండి కొత్తదైనా సరే. పదివేల ఫెయిరింగ్‌కి ఐదువేలు మీ జేబులోంచి. సైడ్ స్టాండు సరిగ్గా పడక ఆగిన బండి పక్కకి ఒరిగినా ఇదే లెక్క. అందుకే డూమ్ ఉన్న బండికి మొదటి రెండు మూడేళ్లు జీరో డిప్రిసియేషన్ (ఆ తరుగు తీయని కవర్) పెట్టించమంటాను. రోజూ ఆఫీసుకి తిరిగే మామూలు కమ్యూటర్ బండికైతే నేనే వద్దంటాను. ఇంకోటి, చిన్న గీతకి క్లెయిమ్ పెడితే మరుసటి ఏడాది రావాల్సిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది.

అపోహ: "వడ్డీ ఏడు శాతమే సార్"

ఫ్లాట్‌గా ఏడు. లక్షన్నర లోను, మూడేళ్లు. ఏడాదికి 10,500 చొప్పున వడ్డీ 31,500. ఈఎంఐ సుమారు 5,042. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు లక్షన్నర మీదే వేస్తున్నారు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 12.8 శాతం దాకా తేలుతుంది. 2024 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం ఇలాంటి లోన్లకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని, అంటే చార్జీలు కూడా కలిపి ఏడాదికి పడే అసలు రేటు ఉంటుంది. ఆ అంకెని బ్యాంకు రేటుతో పోల్చండి.

అపోహ: యానాంలో రిజిస్ట్రేషన్ చేయిస్తే పన్ను మిగులుతుంది

మా గోదావరి జిల్లాల బంధువులకి ఇది పాత వ్యసనం. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడి పీవై 04 నంబరు కావాలంటే అక్కడి చిరునామా కావాలి. అద్దె ఇంటి కాగితాలు పుట్టించి తెచ్చుకున్నా, బండిని మన రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడి పన్నూ కట్టాలి.

"ఇంటర్ చదువుతున్నాడు, లైసెన్సు తర్వాత చూద్దాం"

ఇది అపోహ కాదు, మొండితనం. గేరు బండి లైసెన్సుకి 18 నిండాలి. మైనరు నడిపి దొరికితే సెక్షన్ 199ఎ కింద తండ్రికి లేదా బండి ఓనరుకి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇలాంటి తండ్రులకి నేను ఏ మోడలూ చెప్పను, టీ తాగించి పంపిస్తాను.

అపోహ: ఆషాఢంలో బండి కొనకూడదు

ముహూర్తాల మీద నాకు గౌరవమే. మా ఇంట్లో కూడా చూస్తారు. కానీ షోరూమ్ లోపలి సంగతి చెప్తాను. దసరా, ఉగాది రోజున ఒక్కో షోరూమ్‌లో డెలివరీలు వరుసకట్టి ఉంటాయి. డెలివరీకి ముందు చేయాల్సిన చెకప్ అంటే బ్యాటరీ చార్జింగు, చైన్ వదులు, టైర్ల గాలి, అద్దాలు, బోల్టుల బిగింపు. ఇవన్నీ ఆ రోజు పావుగంటలో అయిపోతాయి. చేసినవాణ్ని కాబట్టి చెప్తున్నాను. ఆషాఢంలో అదే షోరూమ్‌లో ఈగలు తోలుకుంటూ ఉంటారు. బేరం వింటారు, మేనేజరే కుర్చీ వేసి మాట్లాడతాడు.

పోయిన ఏడాది మా మేనల్లుడికి అలాగే చేశాం. ఆషాఢం మధ్యలో వెళ్లి బేరమాడి, అడ్వాన్సు కట్టి, చాసిస్ నంబరు రాయించుకున్నాం. ఫలానా బండే కావాలని ముందే అనుకోవాలి, లేకపోతే గోడౌన్‌లో ఎండకి ఎండిన పాత స్టాకు అంటగడతారు. తయారైన నెల, సంవత్సరం డీలర్ ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్ ఫారం 21లో ఉంటాయి. టైరు పక్కన నాలుగు అంకెలు చూస్తే చాలు, 1825 అంటే 2025లో పద్దెనిమిదో వారం. మొదట చూపించిన బండి టైర్లు ముందు ఏడాదివి. మేము తల అడ్డంగా ఊపాం, వాళ్లే ఇంకోటి తెచ్చారు.

డెలివరీ మాత్రం శ్రావణ శుక్రవారం. మా అక్క కొబ్బరికాయ కొట్టింది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. మేనల్లుడు స్టార్ట్ బటన్ మీద వేలు పెట్టేసరికి నేను కింద కూర్చుని చైన్ వదులు చూస్తున్నాను. "మావయ్యా, ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు. పానా తెమ్మన్నాను.