ఒక్క నాణెం, ముగ్గురు మనుషులు

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

"నాణెం మీద రాజు ఒక్కడే ఉండాలిగా, ఈ ముగ్గురెవరు తాతయ్యా?" అని నాణెం ఫొటో చూసి చిన్ని అడిగింది. ఆ ఫొటోలోది క్రీ.శ. 202 నాటి రోమన్ బంగారు నాణెం, ఆరియస్. మన రూపాయి బిళ్లంత ఉంటుంది, బరువు 7 గ్రాములు పైచిలుకు. చక్రవర్తి సెప్టిమియస్ సెవరస్ ముందువైపున్నాడు. మీరు చూసింది వెనకవైపు, ఆయన సంసారం. మధ్యలో మనకేసి చూస్తున్నావిడ భార్య జూలియా డోమ్నా. అటూ ఇటూ కొడుకులు. తలకి ఆకుల దండ ఉన్నవాడు పెద్దాడు కారకల్లా, అప్పటికే తండ్రితోపాటు చక్రవర్తి. ఉత్త తలవాడు గీటా, ఇంకా యువరాజే. నా తర్వాత ఎవరన్న బెంగ వద్దని జనానికి చెప్పడమన్నమాట.

పంచదార చిలకల అచ్చు చూశారుగా? చిలక పొట్ట ఉబ్బెత్తుగా రావాలంటే చెక్కలో అక్కడ గుంట తవ్వాలి. కుడికి చూసే చిలకని ఎడమకి చెక్కాలి. రోమన్ పనివాడు ఆ కాస్త చోటులో మూడు మొహాలూ, చుట్టూ అక్షరాలూ అలాగే తిరగేసి చెక్కాడు. అయితే పాకం పోస్తే గుంటలోకి దానంతటదే దిగుతుంది, బంగారం దిగదు. బిళ్లని రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టాల్సిందే. రాజుగారి అచ్చు కింద దిమ్మెలో బిగించి ఉంటుంది. సంసారం ఉన్న పై అచ్చుని చేత్తో పట్టుకోవాలి. చెయ్యి కదిలితే బొమ్మ రెండుగా పడుతుంది, పక్కకి జరిగితే ఒక కొడుకు సగమే మిగులుతాడు. దెబ్బ చాలకపోతే అచ్చులో బాగా లోతున్న చోటికి, అంటే జూలియా ముక్కుకి, బంగారం అందదు. చేతులు మారేకొద్దీ ముందు అరిగేదీ పాపం ఆ ముక్కే. సుత్తిదెబ్బ నేరుగా తినేది కాబట్టి పై అచ్చే తొందరగా పగులుతుంది.

బొమ్మలో ఉన్నంత పొందిక ఇంట్లో లేదర్రా. 211లో తండ్రి పోయాడు. ఆ డిసెంబరులోనే కారకల్లా తమ్ముణ్ణి చంపించి, అతని పేరూ బొమ్మా కనిపించిన చోటల్లా చెరిపించాడు. ఇదే నలుగురినీ చెక్క మీద రంగులతో వేసిన గుండ్రటి చిత్రం బెర్లిన్ మ్యూజియంలో ఉంది. దాని ఫొటో వెతికి ఈ నాణెం పక్కన పెట్టుకోండి. చిత్రంలో కింద ఎడమవైపు చూడండి.

మీ
తాతయ్య