నాగిన్ బీన్: బొంబాయి స్టూడియో నుంచి బరంపురం బ్యాండుమేళం దాకా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువారి పెళ్లిళ్లలో ఇప్పుడు ఊరేగింపు మాట వస్తే చాలు, బ్యాండుమేళమా డీజేనా అన్న చర్చ మొదలవుతుంది. కుర్రాళ్లకు డీజే కావాలి. పెద్దవాళ్లు మేళం లేని పెళ్లేమిటంటారు. చివరికి ఏది పెట్టినా ఒక బాణీ మాత్రం తప్పదు. ఊరేగింపు కూడలికి చేరగానే ఎవరో ఒకరు "మేస్టారూ, నాగిన్!" అని కేక వేస్తారు. ఒకడు జేబురుమాలు నోట కరిచి పాములవాడవుతాడు, ఇంకొకడు చొక్కా మాసిపోతుందన్న చింత లేకుండా నేల మీద పాకుతాడు.

ఈ బాణీ పాములవాళ్ల నాగసరం నుంచి తరతరాలుగా వస్తున్నదని చాలామంది నమ్మకం. నిజానికి దానికి పుట్టిన సంవత్సరం ఉంది, పుట్టించిన మనుషులు ఉన్నారు. వాళ్ల పేర్లు తెలియకుండానే మనం డెబ్బై ఏళ్లుగా దానికి ఆడుతున్నాం. ఆ పేర్లు చెప్పడానికే ఈ కథనం.

1954లో ఫిల్మిస్తాన్ సంస్థ 'నాగిన్' అనే హిందీ సినిమా తీసింది. దర్శకుడు నంద్‌లాల్ జస్వంత్‌లాల్, నాయిక వైజయంతిమాల, నాయకుడు ప్రదీప్ కుమార్. సంగీతం హేమంత్ కుమార్. ఈ బెంగాలీ గాయకుడు అంతకు రెండేళ్ల ముందు ఇదే సంస్థ తీసిన 'ఆనంద్ మఠ్'కు పనిచేశాడు. 'మన్ డోలే' పాట పాడింది లతా మంగేష్కర్, రాసింది రాజేంద్ర కృష్ణ్. పాట ఎంత గొప్పదైనా, మన ఊరేగింపుల్లో మిగిలింది అందులోని బీన్ ముక్కలే. బీన్ అంటే పాములవాడు ఊదే సొరకాయ బుర్ర నాగసరం. చరణాలు హిందీ వచ్చినవాళ్లకే గుర్తుంటాయి, బీన్ అందరికీ గుర్తుంటుంది.

ఆ బీన్ అసలు బీన్ కాదు. స్టూడియోలో దాన్ని పలికించిన వాయిద్యం పేరు క్లావయొలిన్. కాన్‌స్టాంట్ మార్టిన్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1947లో దాన్ని తయారుచేశాడు. చూడటానికి చిన్న హార్మోనియం మెట్లలా ఉంటుంది గానీ తిత్తి లేదు, గాలితో పనిలేదు. లోపలి వాల్వులు, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు, కరెంటుతో నాదం పుట్టిస్తే, విడిగా ఉండే స్పీకరు పెట్టె దాన్ని వినిపిస్తుంది. నాదం రంగు మార్చడానికి, వణుకు కలపడానికి మీటలు ఉంటాయి. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. అలాంటి యంత్రంతో సొరకాయ బుర్ర ఊదినట్టు వినిపించాలని ఎవరికి తోచిందో గానీ, అది మామూలు ఊహ కాదు.

క్లావయొలిన్ వాయించిన యువకుడు కల్యాణ్‌జీ వీర్‌జీ షా. కచ్ నుంచి వచ్చి బొంబాయిలో కిరాణా వ్యాపారం చేసుకునే కుటుంబం అతనిది. పక్కన హార్మోనియం పట్టింది హేమంత్ కుమార్ సహాయకుడు రవి. నాగసరానికి రెండు గొట్టాలుంటాయి. ఒకటి పాట పలికితే రెండోది శ్రుతి వదలకుండా పట్టి ఉంచుతుంది. ఒంటి స్వరం యంత్రానికి హార్మోనియం తోడు ఎందుకు కావలసి వచ్చిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

హేమంత్ కుమార్‌కు ఈ సినిమా ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సంగీత దర్శకుడి అవార్డు తెచ్చింది. ఆ గౌరవానికి ఆయన అర్హుడే. కానీ బీన్ వినగానే గుర్తు రావలసిన మిగతా ఇద్దరి పేర్లు జనం దాకా రాలేదు. రవి 1955లో 'వచన్'తో, కల్యాణ్‌జీ 1958లో 'సమ్రాట్ చంద్రగుప్త'తో సంగీత దర్శకులయ్యారు. తర్వాత తమ్ముడు ఆనంద్‌జీతో కలిసి కల్యాణ్‌జీ ఎంత పేరు తెచ్చుకున్నాడో చెప్పనక్కర్లేదు. 1962లో బ్రిటన్‌లో 'టెల్‌స్టార్' అనే మాటల్లేని బాణీ అక్కడా అమెరికాలోనూ మొదటి స్థానానికి ఎక్కింది. అందులో పలికిందీ క్లావయొలినే. బొంబాయివాళ్లు అంతకు ఎనిమిదేళ్ల ముందే ఆ వాయిద్యంతో దేశాన్ని ఊపేశారు.

నాగిన్ పాటలు ఊళ్లలోకి పాకిన రోజుల్లో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు వినిపించేది కాదు. 1952లో కేంద్ర సమాచార శాఖ మంత్రి అయిన కేస్కర్‌కు సినిమా సంగీతం గిట్టదు. జనం రేడియో సిలోన్ వైపు మళ్లారు. 1957 అక్టోబరు 3న ఆకాశవాణివారే సినిమా పాటలు వినిపించే వివిధ్ భారతి మొదలుపెట్టాకే పరిస్థితి మారింది.

బరంపురం ఉన్న గంజాం ప్రాంతంలో ఈ బాణీ ఇంత గట్టిగా నాటుకోవడానికి ఒక కారణం ఉందనుకుంటాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు గీత మారినా మనుషులు కదల్లేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సినిమా హాల్లో హిందీ. పెళ్లికి వచ్చేవాళ్లలో సగం ఆ భాష, సగం ఈ భాష. తెలుగు పాట కొడితే కొందరికి, ఒడియా పాట కొడితే మరికొందరికి కాళ్లు ఆడవు. మాటల్లేని బీన్‌కు ఆ చిక్కే లేదు. పైగా కార్తీక శుద్ధ చవితినాడు ఇక్కడ తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ పుట్టలో పాలు పోస్తారు. పాము అంటే భయమూ భక్తీ ఇద్దరికీ ఒకటే.

బీన్ మోగితే సినిమా హాల్లోకి నిజం పాములు వచ్చాయన్న కథ చాలా ఊళ్లలో చెప్పుకున్నారు. పాముకు బయటి చెవి లేదు. నేల అదురు దానికి బాగా తెలుస్తుంది, గాలిలో వచ్చే శబ్దాల్లో మంద్రమైనవే అందుతాయి. అది ఊగేది ఊదేవాడి చేతిలో కదిలే బుర్రను చూసి.

ఇక బ్యాండువాళ్ల మాట. ఈ బాణీని బతికించింది వాళ్లే. మెట్ల వాయిద్యం మీద పుట్టిన స్వరాలను క్లారినెట్ మీదికి తెచ్చి, రంధ్రాన్ని వేలితో సగం సగం తెరుస్తూ జారుడు గమకాలు చేర్చారు. స్టూడియో బీన్ కంటే నాగసరానికి దగ్గరగా వినిపించేది నా చెవికి మంచి క్లారినెట్టే. ట్రంపెట్ ఆ జారుడును అంత బాగా పట్టలేదు, అందుకే అది జోరు అందుకోవలసిన చోట కలుస్తుంది. డ్రమ్ము దరువు మొదట మెల్లగా ఉండి, పాకేవాడు లేచి పడగ విప్పేసరికి రెట్టింపవుతుంది. ఆడేవాడి ఒళ్లు చూసి వేగం మార్చడం మేళానికే సాధ్యం. పెన్‌డ్రైవ్‌లోని ట్రాక్ ఎవరినీ చూడదు. డీజే అయితే ఏమిటన్నవాళ్లకు నేను చెప్పే మాట ఇదే.

1986లో శ్రీదేవి నటించిన 'నగీనా' వచ్చాక బీన్‌కు మరో విడత వచ్చింది. దానికి సంగీతం లక్ష్మీకాంత్-ప్యారేలాల్. వాళ్లు ఒకప్పుడు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీల దగ్గర సహాయకులుగా పనిచేసినవాళ్లు. ఇప్పుడు కుర్రాళ్లు నాగిన్ అని కేక వేస్తే కొందరు బ్యాండు మేస్టర్లు ముందు ఏది ఎత్తుకోవాలో ఆలోచిస్తారు, చాలామంది రెండూ కలిపి కొడతారు.

కొన్ని మేళాల్లో ఇప్పుడు క్లారినెట్ వాయించే మనిషి దొరక్క తోపుడుబండి మీద జనరేటరు, స్పీకర్లు, క్యాసియో కీబోర్డు పెట్టుకుని వస్తున్నారు. కల్యాణ్‌జీ చేసినట్టే మెట్లు నొక్కి బీన్ పలికిస్తున్నారు. క్లారినెట్ మీద నాగిన్ వినాలనుకునేవాళ్లు మేళం మాట్లాడుకునేటప్పుడే ఆ సంగతి అడిగి, వాయించే మనిషికి విడిగా కాస్త ఇచ్చుకోవడం మంచిది. బరంపురంలో ఆ వేళ్లు ఇంకా ఉన్నాయి.